ఈస్టులో అయాను రవాణా జన్యువులు

ఈస్టు కణంలోనికి పొటాషియం, సోడియం, కాల్షియం, అమ్మోనియం వంటి అయానులను తీసుకొనివచ్చే ప్రోటీనులను, వాటిని బయటకు పంపే ప్రోటీనులను నిర్దేశించే జన్యువులను అయాను రవాణా జన్యువులు అంటారు. ఇవి చెడినప్పుడు కణం పెరిగే వేగం, దాని పరిమాణం, ఒక్కొక్కప్పుడు దాని ఆకారం కూడా మారిపోతాయి. రొట్టెల తయారీలోను, కల్లు పులియడంలోను పాలుపంచుకొనే శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు మీదనే ఈ పరిశోధన అధికంగా జరిగింది. మొక్కల వేళ్లలో పొటాషియాన్ని, సోడియాన్ని వేరుచేసే జన్యువులు కొన్ని ఈస్టు కణాల సాయంతోనే బయటపడ్డాయి. అందుచేత ఆంధ్రప్రదేశ్ తీరంలో బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఉప్పు నేలలలో జరిగే వరి సాగుకు, ఈ సూక్ష్మజీవి జన్యువులకు దగ్గరి సంబంధం ఉంది.

నేపథ్యం

ఈస్టు ఏకకణ శిలీంధ్రం. కణం కోడిగుడ్డు ఆకారంలో, సుమారు 5 మైక్రోమీటర్ల వ్యాసంతో ఉంటుంది. తల్లికణం మీద ఒక చిన్న మొగ్గ లేచి, పెరిగి, విడిపోయి పిల్లకణం అవుతుంది. పాఠ్యపుస్తకాలలో దీనినే కోరకీభవనం అంటారు. మంచి ఆహారం, 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉంటే సుమారు గంటన్నరలో కణాల సంఖ్య రెట్టింపవుతుంది. 1996లో ఈ ఈస్టు జన్యుపటం పూర్తిగా వెల్లడయ్యింది. నిజకేంద్రక జీవులలో ఇలా పూర్తయిన మొదటి జన్యుపటం ఇదే. దీని 16 క్రోమోజోములలో సుమారు 6,000 జన్యువులు ఉన్నాయి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 470 మిల్లీమోళ్ల సోడియం ఉంటుంది, పొటాషియం 10 మిల్లీమోళ్లు మాత్రమే. ఈస్టు కణం లోపల పరిస్థితి దీనికి తలక్రిందులు. అక్కడ పొటాషియం సుమారు 200 మిల్లీమోళ్లు ఉంటే, సోడియం స్వల్పంగా ఉంటుంది. ప్రోటీనుల తయారీకి, అనేక ఎంజైముల పనికి పొటాషియం అవసరం. సోడియం పరిమాణంలోను, ఆవేశంలోను పొటాషియాన్ని పోలి ఉంటుంది గనుక దాని స్థానంలో దూరి పని చెడగొడుతుంది. అంతేకాక కణంలోని పొటాషియం ద్రవాభిసరణం వలన నీటిని లోనికి లాగుతుంది. ఆ నీటి ఒత్తిడినే స్ఫీత పీడనం అంటారు. గట్టి కణకవచాన్ని లోపలి నుండి నెట్టి కణాన్ని పెంచేది ఈ పీడనమే. అయానుల లెక్క తప్పితే పెరుగుదల, ఆకారం రెండూ తప్పడానికి మూలకారణం ఇక్కడ ఉంది.

ప్రోటాను పంపు

జంతుకణాలు సోడియాన్ని బయటకు నెట్టి, పొటాషియాన్ని లోపలికి తీసుకొనే పంపుతో నడుస్తాయి. దీనిని కనుగొన్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఈస్టులో ఆ పంపు లేదు. దానికి బదులుగా ప్లాస్మా త్వచంలో ప్రోటానులను బయటకు తోడే పంపు ఉంది. దీనిని నిర్దేశించే పీఎంఏ-1 జన్యువును 1986లో సెర్రానో, కీలాండ్-బ్రాంట్, ఫింక్ వేరుచేశారు. ఈ జన్యువును పూర్తిగా తొలగిస్తే ఈస్టు బ్రతకదు.

ఈ పంపు ఏటీపీని ఖర్చు చేసి ప్రోటానులను బయటకు పంపడం వలన కణం వెలుపల ఆమ్లత, త్వచానికి ఇరువైపులా విద్యుత్ పీడనం ఏర్పడతాయి. కణంలోనికి వచ్చే పొటాషియం, అమైనో ఆమ్లాలు వంటివి ఈ విద్యుత్ పీడనం మీద, తిరిగి లోనికి రావాలని చూసే ప్రోటానుల మీద ఆధారపడి వస్తాయి. కాలువకు నీరు అందించే ఎత్తిపోతల యంత్రం ఆగితే దిగువ పొలాలన్నీ ఎండినట్లే, ఈ పంపు మందగిస్తే కణంలో మిగతా రవాణా అంతా మందగిస్తుంది. గ్లూకోజు అందిన కొద్ది నిమిషాలలోనే పంపు వేగం పుంజుకొంటుంది.

ఇటువంటి పంపుల పనిని కొలవడానికి, అవి ఏటీపీని విడగొట్టినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేటును లెక్కకట్టడం ఒక పద్ధతి. దానికి దశాబ్దాల తరబడి వాడిన రంగు పరీక్ష 1925లో ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురించినదే. ఏటీపీని కనుగొన్నవారిలో కూడా ఆ ఇద్దరూ ఉన్నారు.

పీఎంఏ-1 ప్రోటీనుకు మరొక విశేషం ఉంది. అది తల్లికణం పైపొరలోనే నిలిచిపోతుంది, కొత్తగా లేచే మొగ్గలోనికి చాలా కొద్దిగా మాత్రమే చేరుతుంది. 2014లో హెండర్సన్, హ్యూస్, గాట్‌ష్లింగ్ దీని పర్యవసానాన్ని చూపారు. తల్లికణం నుండి ప్రోటానులు అదే పనిగా బయటకు పోవడం వలన దాని రిక్తికలో ఆమ్లత తగ్గుతుంది, పిల్లకణపు రిక్తికలో నిలుస్తుంది. తల్లి ముసలిదై, పిల్ల మళ్లీ లేతగా మొదలవడానికి ఈ తేడా ఒక కారణం. పీఎంఏ-1 పనిని తగ్గించినప్పుడు తల్లికణాల ఆయుష్షు పెరిగింది.

పొటాషియం వాహకాలు

1988లో గేబర్, స్టైల్స్, ఫింక్ టీఆర్‌కే-1 అనే జన్యువును వర్ణించారు. బయట పొటాషియం అతి తక్కువగా ఉన్నా దానిని లోనికి లాగగల వాహకాన్ని ఇది నిర్దేశిస్తుంది. తరువాత దీనికి తోబుట్టువు వంటి టీఆర్‌కే-2 దొరికింది. ఈ రెండూ లేని ఈస్టు సాధారణ ఆహారంలో పెరగలేదు. ఆహారంలో పొటాషియాన్ని బాగా ఎక్కువగా కలిపితే మాత్రం పెరుగుతుంది. ఈ చిన్న లోపమే తరువాతి కాలంలో శాస్త్రజ్ఞులకు పెద్ద పనిముట్టు అయ్యింది (క్రింద చూడండి).

పొటాషియం తక్కువైతే చేటు, ఎక్కువైనా చేటే. పీపీజెడ్-1, పీపీజెడ్-2 అనే ఎంజైములు టీఆర్‌కే వాహకాలను అదుపులో ఉంచుతాయి. ఇవి లేని కణాలు అవసరానికి మించి పొటాషియాన్ని లాగుకొంటాయని, దానితో పెరిగిన ఒత్తిడి కణకవచాన్ని బలహీనపరుస్తుందని 2002లో యెనుష్ బృందం నివేదించింది. ఈ ఉత్పరివర్తన కణాలు కెఫీను వంటి కవచాన్ని దెబ్బతీసే పదార్థాలకు తేలికగా పగిలిపోతాయి. కణచక్రం నడక కూడా మారుతుంది. కాబట్టి పొటాషియం వాహకాలకు ఆహారం చేరవేతతో పాటు కణం ఎప్పుడు విభజన చెందాలన్న నిర్ణయంలోను పాత్ర ఉంది.

సోడియాన్ని వెళ్లగొట్టడం

టీఆర్‌కే వాహకాలు ఎంత జాగ్రత్తగా ఎంచినా, బయట ఉప్పు ఎక్కువైతే కొంత సోడియం లోనికి చొరబడుతుంది. దానిని వదిలించుకోవడానికి ఈస్టుకు మూడు మార్గాలు ఉన్నాయి.

వీటిలో ముఖ్యమైనది ఈఎన్‌ఏ-1. దీనిని 1991లో స్పెయిన్ దేశానికి చెందిన రొడ్రిగెజ్-నవారో బృందం కనుగొన్నది. ఇది ఏటీపీని ఖర్చు చేసి సోడియాన్ని బయటకు నెట్టే పంపు. సాధారణ స్థితిలో దాదాపు నిద్రాణంగా ఉండి, ఉప్పు గాని క్షారత గాని పెరిగినప్పుడు మేల్కొంటుంది. ప్రయోగశాలలలో వాడే ఈస్టు జాతులు కొన్నింటిలో ఇటువంటి జన్యువులు నాలుగైదు ఒకదాని ప్రక్కన ఒకటి వరుసగా ఉంటాయి. పూచే మొక్కలలో ఈ పంపు లేదు. నాచుమొక్కలలో కొన్నింటికి మాత్రం ఉంది. పరిణామక్రమంలో పైరులు దీనిని పోగొట్టుకోవడం తీరప్రాంత రైతు దృష్టితో చూస్తే దురదృష్టమే.

రెండవది ఎన్‌హెచ్‌ఏ-1. ఇది బయటి ప్రోటానులను లోనికి రానిచ్చి, అందుకు మారుగా సోడియాన్ని గాని పొటాషియాన్ని గాని బయటకు పంపుతుంది. కణచక్రం మొదటి దశలో ఆగిపోయిన ఒక రకం ఉత్పరివర్తన ఈస్టులో ఈ జన్యువు నకళ్లను పెంచితే కణచక్రం మళ్లీ కదిలిందని 2001లో తేలింది. మూడవది ఎన్‌హెచ్‌ఎక్స్-1. ఇది సోడియాన్ని బయటకు పంపదు, కణం లోపలనే రిక్తికకు ముందుండే అరలలో బంధిస్తుంది. దీనిని 1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భారతీయ సంతతికి చెందిన రాజిని రావు బృందం వర్ణించింది. 1999లో దీనికి సరిపోలే మొక్క జన్యువును అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో అధికంగా పనిచేయించినప్పుడు ఆ మొక్క ఎక్కువ ఉప్పును తట్టుకొన్నది.

ఆకారంపై ప్రభావం

ఈస్టు ఎప్పుడూ గుడ్డు ఆకారంలోనే ఉండదు. కణం ఏ దిశలో పెరగాలో నిర్ణయించే యంత్రాంగం అయానులను గమనిస్తూ ఉంటుంది. దీనికి మంచి ఉదాహరణ అమ్మోనియం. నత్రజని కరువైనప్పుడు ద్విస్థితిక ఈస్టు కణాలు సాగి, ఒకదానికొకటి అతుక్కొని గొలుసులుగా ఏర్పడి ఆహారపు పొరలోనికి చొచ్చుకొని పోతాయి. వీటిని మిథ్యా శిలీంధ్ర తంతువులు అంటారు. కదలలేని జీవి ఆహారం వెదుకుతూ ముందుకు సాగే ఉపాయం ఇది. అమ్మోనియాన్ని లోనికి తెచ్చే మూడు వాహకాలలో ఒకటైన ఎంఈపీ-2ను తొలగిస్తే కణం మామూలుగానే పెరుగుతుంది కాని, అమ్మోనియం కొరతలో తంతువులు మాత్రం ఏర్పడవని 1998లో లోరెంజ్, హైట్‌మన్ చూపారు. మిగతా రెండు వాహకాలు అమ్మోనియాన్ని అందిస్తూనే ఉన్నా ఆకారం మారలేదు. అంటే ఎంఈపీ-2 అమ్మోనియాన్ని మోసే కూలి మాత్రమే కాదు, దాని కొరతను కణానికి తెలిపే వేగు కూడా.

ఈ కుటుంబానికి చెందిన ప్రోటీనులు మనిషి రక్తంలోను ఉన్నాయి. రక్తపు గ్రూపులలో పాజిటివ్, నెగటివ్ అని చెప్పుకొనే ఆర్‌హెచ్ ప్రోటీనులు ఈ వాహకాల బంధువులే. 2000లో ఈ కుటుంబపు మానవ ప్రోటీను ఒకటి ఈస్టులో అమ్మోనియాన్ని రవాణా చేయగలదని నిరూపించారు.

కాల్షియానిది మరొక కథ. ఈస్టులో రెండు లింగరకాలు ఉన్నాయి. ఎదుటి రకం విడుదల చేసే ఫెరోమోను సోకగానే కణం విభజన ఆపి, ఒక ప్రక్కకు మూతి సాచినట్లు పెరిగి బేరిపండు ఆకారం పొందుతుంది. ఒక అమెరికన్ బొమ్మల కథలోని పాత్రను బట్టి శాస్త్రజ్ఞులు దీనిని ‘ష్మూ’ అని పిలుస్తారు. ఈ దశలో కాల్షియం లోనికి రావాలి. ఎంఐడీ-1 జన్యువు లోపించిన కణాలు ఆకారం మార్చుకొన్న తరువాత, కాల్షియం అందక చనిపోతాయి. సీడీసీ-24 అనే జన్యువులో ఒక రకపు మార్పు ఉన్న ఈస్టు, కాల్షియం అధికంగా ఉన్న ఆహారంలో మొగ్గ తొడగలేక, ఉబ్బిన గుండ్రని కణంగా మిగిలిపోతుంది. ఈ రెండవ జన్యువు వాహకాన్ని నిర్దేశించదు, మొగ్గ ఎక్కడ లేవాలో చెప్పే జన్యువు. అయానుల సమతౌల్యానికి, ఆకారానికి మధ్య ముడి ఎంత బిగువుగా ఉందో దీని వలన తెలిసింది.

గాల్జీ సంక్లిష్టంలోనికి కాల్షియం, మాంగనీసులను తోడే పీఎంఆర్-1 చెడితే కణకవచపు ప్రోటీనులకు చక్కెర అణువులు సరిగా అతకవు. మనిషిలో దీనికి సరిపోలే జన్యువు చెడితే హెయిలీ-హెయిలీ వ్యాధి అనే చర్మరోగం వస్తుందని 2000లో తెలిసింది.

తాటికల్లు, సున్నం

ఈస్టుకు ఆమ్లగుణం ఇష్టమని తెలియకముందే గీత కార్మికులు ఆ సంగతిని వాడుకొన్నారు. తాటిగెల నుండి కారే తియ్యని నీరు కుండలో పడిన కొద్ది గంటలలోనే పులియడం మొదలవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే అది పులియకుండా నీరాగా నిలుస్తుంది. సున్నం వలన నీరు క్షారగుణం పొందుతుంది. బయట ప్రోటానులు కరువైతే ఈస్టు త్వచం మీది ప్రోటాను ప్రవణత దెబ్బతింటుంది, దానిపై ఆధారపడిన పోషకాల రాక సన్నగిలుతుంది. ఈస్టు తట్టుకోగలిగినంత క్షారతలో ఈఎన్‌ఏ-1తో పాటు రిక్తికను ఆమ్లంగా ఉంచే వీఎంఏ జన్యువులు అక్కరకు వస్తాయి. వీఎంఏ జన్యువులు లేని ఈస్టు స్వల్ప ఆమ్లతలో పెరుగుతుంది గాని పీహెచ్ 7.5 దగ్గర పెరగలేదు. కల్లులో ఈస్టుతో పాటు బాక్టీరియాలు కూడా ఉంటాయి, సున్నం వాటిని కూడా అడ్డుకొంటుంది.

ఈస్టు నుండి వరికి

టీఆర్‌కే-1, టీఆర్‌కే-2 రెండూ లేని ఈస్టు పొటాషియం తక్కువైన చోట పెరగలేదని పైన చెప్పబడింది. అటువంటి కణాలలోనికి ఒక మొక్క జన్యువులను ఒక్కొక్కటిగా ప్రవేశపెట్టి, ఏ కణం పెరుగుతుందో చూస్తే, దానిలో ఉన్నది పొటాషియం వాహక జన్యువు అయి ఉండాలి. ఈ ఉపాయంతో 1992లో అరబిడాప్సిస్ నుండి కేఏటీ-1, ఏకేటీ-1 అనే రెండు పొటాషియం మార్గాలు దొరికాయి. ప్రపంచంలో మొక్కల నుండి వేరుచేసిన మొదటి పొటాషియం మార్గాల జన్యువులు ఇవే. 1994లో షాక్ట్‌మన్, ష్రోడర్ ఇదే పద్ధతిలో గోధుమ వేళ్ల నుండి హెచ్‌కేటీ-1ను పట్టుకొన్నారు. ఇది ఈస్టు టీఆర్‌కే వాహకాలకు దూరపు చుట్టం.

ఆ హెచ్‌కేటీ కుటుంబమే వరిలో కీలకమని తరువాత తేలింది. బెంగాల్ ప్రాంతపు నోనా బొక్రా అనే ఉప్పును తట్టుకొనే వరిని, జపాను కోషిహికారి వరిని సంకరపరచి, 2005లో చైనా శాస్త్రజ్ఞులు ఎస్‌కేసీ-1 అనే జన్యువును గుర్తించారు. అది హెచ్‌కేటీ కుటుంబపు సోడియం వాహకం. వేళ్ల నుండి ఆకులకు నీరు ఎక్కే దారువు ప్రక్కనున్న కణాలలో ఇది పనిచేస్తుంది. నీటితో పాటు పైకి పోతున్న సోడియాన్ని తిరిగి వెనుకకు లాగి, ఆకులకు చేరకుండా ఆపుతుంది. కేరళ తీరపు పొక్కాలి వరిలో ‘సాల్టాల్’ అని పిలిచే క్రోమోజోము భాగం కూడా ఈ చోటనే, 1వ క్రోమోజోము మీద ఉంది.

ఉప్పును తెలుసుకొని దానిని వెళ్లగొట్టే ‘ఎస్ఓఎస్’ అనే మొక్కల యంత్రాంగంలోని మూడు ప్రోటీనులు ఎలా కలిసి పనిచేస్తాయో కూడా ముందుగా ఈస్టులోనే, దాని సొంత సోడియం పంపులను తీసివేసి, 2002లో చూపించారు. మొక్కలో నెలలు పట్టే పరీక్ష ఈస్టులో రెండు మూడు రోజులలో ముగుస్తుంది.

బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాలు

ఈ మూడు పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోనికి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. ఉప్పు విషయంలో కూడా ఇంచుమించు ఇదే గీత కనిపిస్తుంది. తెనాలి గుండా కాలువలు పారుతూ మంచినీటిని అందిస్తాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు భూములకు వచ్చేసరికి కాలువ నీరు సన్నగిలుతుంది, సముద్రపు పోటునీరు మురుగు కాలువల వెంట ఎగువకు వస్తుంది. రొయ్యల చెరువుల ఉప్పునీరు ప్రక్క పొలాలలోనికి ఊరడం మరొక చిక్కు. 1977 నవంబరు 19 నాటి తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఈ తీరానికి సముద్రం ఎంత దగ్గరో గుర్తుచేశాయి.

రైతులు ఇటువంటి నేలలను రెండు రకాలుగా చెబుతారు. పైన తెల్లగా ఉప్పు పేరుకొనేది పాలచౌడు. సోడియం మట్టిరేణువులకు పట్టుకొని నీరు ఇంకనీయనిది కారుచౌడు. నేల ద్రవపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్లు దాటితే దానిని ఉప్పు నేల అంటారు. వరి అంతవరకు కూడా ఆగదు. 3 దాటినప్పటి నుండి ప్రతి ఒక్క ప్రమాణానికి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుంది. లేత నారు దశ, పూత దశ రెండింటిలోను దెబ్బ ఎక్కువ. నారు దశలో ఆకుకొనలు ఎండుతాయి, పూత దశలో వెన్నుకు తాలు గింజలు పెరుగుతాయి.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడింది. ఇక్కడ రూపుదిద్దుకొని 1986లో విడుదలయిన బీపీటీ 5204, అనగా సాంబ మసూరి, సన్నని గింజ వలన తెలుగువారి అన్నంలో స్థిరపడింది. అయితే దీనికి ఉప్పును తట్టుకొనే గుణం తక్కువ. ఉప్పు తీరాన పుట్టిన ఈ వరికి ఉప్పే గిట్టకపోవడం విడ్డూరమే. చౌడు నేలలు, ఉప్పునీటి వినియోగంపై అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకానికి కూడా బాపట్లలో కేంద్రం ఉంది. తీరపు ఇసుక నేలలలో రైతులు తవ్వుకొనే లోతు తక్కువ గుంటలను దొరువులు అంటారు. ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. దొరువు ఆ పైపొరను మాత్రమే తోడుతుంది. లోతుగా బోరు దించి బలంగా తోడితే క్రింది ఉప్పునీరు ఎగదన్నుతుంది. బాపట్ల కేంద్రం ఈ పాత పద్ధతినే మెరుగుపరచి, మధ్య బావిలోనికి నలువైపుల నుండి రంధ్రాలున్న గొట్టాలతో పైనీటిని చేర్చే విధానాన్ని ప్రచారం చేసింది.

జన్యువు నేలలోని ఉప్పును తీసివేయదు, మొక్కను కొంతమేరకు కాపాడుతుంది. మురుగునీటి పారుదల, మంచినీటితో ఉప్పును కడగడం, కారుచౌడుకు జిప్సం వేయడం లేకుండా వంగడం ఒక్కటే నిలవదు. ఎంత ఎరువు వేసినా నేలలో సోడియం మరీ ఎక్కువైతే వేరు పొటాషియాన్ని అందుకోలేదు.

పొక్కాలి మొక్క పొడవుగా పెరిగి పడిపోతుంది, దాని గింజ ఎర్రగా, లావుగా ఉంటుంది. సాంబ మసూరి తినేవారు దానిని అంగీకరించరు. అందుచేత సంకరం చేసిన తరువాత పలుమార్లు మేలురకంతోనే వెనుసంకరం జరిపి, ప్రతి తరంలోను డీఎన్ఏ గుర్తుల ద్వారా సాల్టాల్ భాగం ఉన్న మొక్కలను మాత్రమే ఎంచుకొంటారు. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం ఇదే విధంగా చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఉప్పు విషయం అంత తేలిక కాదు. సాల్టాల్ ప్రధానంగా నారు దశలో కాపాడుతుంది. పూత దశలో తట్టుకోవడానికి వేరే జన్యువులు కావాలి, అవి ఒకే చోట కాక అనేక క్రోమోజోముల మీద చెదరి ఉన్నాయి.